ఆరువందల నలభై గ్రాముల చీర

నా దగ్గర ప్రభుత్వం వారు ఇచ్చిన సఫారీ సూటు ఒకటి ఉంది. బూడిదరంగు. చొక్కాకు నాలుగు జేబులు, ప్యాంటుకు మూడు. నెలకు రెండుసార్లు దాన్ని ధరించి, ధరించినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టాలి. యాభై ఆరేళ్ళ గృహిణికి సఫారీ సూటు ఎందుకని అడిగేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు ఎవరూ లేరు. పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం అడుగుతున్నారు. ప్రతివారికీ మొదటినుంచీ చెప్పలేక రాసి పెడుతున్నాను.

కథ మా అమ్మ కొన్న చీరతో మొదలైంది. వంకాయరంగు ఉప్పాడ పట్టు, ఆకుపచ్చ అంచు. అమ్మ నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సి వచ్చిన ఏడాది కుట్టుమిషను అమ్మేసి, ఆ డబ్బుతో నాకు ఆ చీర కొంది. ఫాల్ కూడా తనే చేత్తో కుట్టింది. ఆవిడ కుట్టిన ఆఖరి కుట్టు అదే. వంకాయరంగు దారమనుకుని నీలం దారంతో కుట్టింది. నేను ఆ సంగతి చెప్పలేదు.

ఈ మే ఇరవైకి అమ్మకు ఎనభై నిండుతాయి. భోజనాలు మా ఇంట్లో. "ఆవేళ ఆ చీర కట్టుకోవే భ్రమరా. కంటికి ఆనకపోయినా చేత్తో చూసుకుంటాను" అని ఫోనులో రెండుసార్లు చెప్పింది. ముందుజాగ్రత్త ఎక్కువైనదాన్ని కాబట్టి మార్చి రెండునే దాన్ని మా వీధి చివర డ్రై క్లీనింగు షాపులో వేశాను. షాపు గోవర్ధన్‌ది. కొత్త నిబంధన ప్రకారం చీరను తూచి, చీటీ మీద నంబరు పదిహేడు, బరువు ఆరువందల నలభై గ్రాములు అని రాసిచ్చాడు.

పదో తారీఖున వెళితే పదిహేడో నంబరు కొక్కేనికి నల్ల కంబళి వేలాడుతోంది. "ఇది కాదు కదమ్మా మీది" అన్నాడు గోవర్ధన్, అవునంటానేమోనని కాస్త ఆశగా.

సంగతి ఏమిటంటే, గోవర్ధన్ ప్రతినెలా ఒకటో తారీఖున నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. పెద్ద నంబర్లయితే బట్టకు కట్టే పీలికలో పట్టవట. నెల మాత్రం రాయడు. ఫిబ్రవరి పదిహేడు నంబరు ఆసామి కంబళి తీసుకుపోలేదు. నెల దాటినా ఎవరూ తీసుకోని బట్టలను పట్టణ కేంద్రానికి అప్పజెప్పాలి. అయిదో తారీఖున కేంద్రం వారి బండి వచ్చింది. గోవర్ధన్ ఫిబ్రవరి పదిహేడు బదులు మార్చి పదిహేడు, అంటే నా చీర, ఎక్కించాడు.

ఎక్కడుందో తెలిసింది కదా, వెళ్ళి తెచ్చిపెట్టమన్నాను.

"నేను పంపింది ఫిబ్రవరి పదిహేడమ్మా. కాగితం మీద అదే ఉంది. మీది మార్చి పదిహేడు. అది పంపినట్టు నా దగ్గర కాగితం లేదు" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. కాగితం చూపించాడు కూడా.

పదమూడో తారీఖున కేంద్రానికి వెళ్ళాను. పూర్తి పేరు వస్త్రసేవల వినియోగదారుల సమాధాన కేంద్రం. జనవరి నుంచి మా ఊరు వస్త్రనష్ట రహిత పట్టణం. అలా అని ఎవరు ప్రకటించారో తెలియదు గాని, ఆ పేరుతో ఒక ఊరేగింపు జరిగిన గుర్తు. గుమ్మం పక్కన నల్లబోర్డు మీద "పోయిన వస్త్రాలు: సున్న. వరుసగా 72వ రోజు" అని రాసి ఉంది. సున్నను పెయింటుతో వేశారు. రోజులను సుద్దతో రాశారు.

లోపల సుగుణాకర్ అనే గుమాస్తా దరఖాస్తు ఇచ్చాడు. దాంట్లో "పోయినది" అన్న మాటకు గడి లేదు. ఆలస్యమైనది, మరమ్మతులో ఉన్నది, చేరవలసి ఉన్నది అని మూడు గడులున్నాయి. నా చీర మూడోదానికి వస్తుందని అతనే టిక్కు పెట్టి, సంచాలకులు పరాంకుశంగారి గదిలోకి పంపించాడు.

పరాంకుశంగారు పొడవైన మనిషి. నామం, కళ్ళజోడు, శుభ్రమైన బల్ల. మార్చి మధ్యాహ్నం, ఫ్యానులేని గదిలో, మెరూన్ రంగు ఆడవాళ్ళ స్వెట్టరు తొడుక్కుని కూర్చున్నారు. మెడ దగ్గర గులాబీలు అల్లి ఉన్నాయి. నుదుటి మీది చెమట నామంలోకి దిగుతోంది. చలిజ్వరమేమో అనుకుని ఏమీ అడగలేదు.

నేను చీర రంగు, అంచు, నేత చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపారు.

"ఆ వివరములు అప్రస్తుతమమ్మా. గతంలో రంగుపై వివాదం, రకంపై వివాదం, పాతదా కొత్తదా అని వివాదం. వస్త్రమునకు సంబంధించి వివాదాతీతమైన అంశం ఒక్కటే. బరువు. మా రిజిస్టర్లో నంబరు, బరువు తప్ప మూడో గడి లేదు. సదరు బరువునకు సరిసమానమైన తుల్యవస్త్రం మీకు మంజూరు చేయబడుతుంది. మీ వస్త్రం చేరేవరకూ దానిని ధరించండి."

ఆ చీర ఈ భవనం వెనక గోడౌనులోనే ఉందని, అయిదు నిమిషాలు చూడనిస్తే తీసుకుంటానని చెప్పాను.

ఆయన జాలిగా చూశారు. "వెతకడమంటే పోయిందని అంగీకరించడమే కదమ్మా. పోని వస్త్రాన్ని వెతకడానికి నిబంధనల్లో అవకాశం లేదు."

"మా అమ్మ మిషను అమ్మి కొన్న చీరండీ."

"బట్టకు మనసుండదమ్మా. బరువుంటుంది" అన్నారాయన. ఆ వాక్యం ఆయన వెనక గోడ మీద కూడా చట్రం కట్టించి ఉంది.

ఎనిమిది రోజుల తర్వాత తుల్యవస్త్రం ఇచ్చారు. తుల్యవస్త్రాలను సంచాలకులు కంటితో చూడరు. చూస్తే ఇది మంచిది, అది పాతది అన్న పక్షపాతం కలుగుతుందట. అంతా సుగుణాకరే. గోడౌనులోంచి పొట్లం తెచ్చి తక్కెడలో పెట్టాడు. సఫారీ సూటు ఆరువందల పాతిక తూగింది. లోపలికెళ్ళి ఒక జేబురుమాలు తెచ్చి వేశాడు. ముల్లు సరిగ్గా నిలబడింది. రుమాలు మూల ఎవరో ఎర్రదారంతో "ప్రేమతో" అని కుట్టారు. నంబరు ఎనభై ఎనిమిది అని ముద్ర వేసిన పసుపుగుడ్డ ముక్కను చొక్కా లోపలి వైపు కుట్టి, నా చేత మూడుచోట్ల సంతకం పెట్టించాడు. నిబంధనలు చదివి వినిపించాడు. నెల మొదటి సగంలో ఒకసారి, రెండో సగంలో ఒకసారి ధరించాలి. లేనిచో ఫిర్యాదుదారుకు వస్త్రావసరం లేదని భావించి ఫిర్యాదు కొట్టివేయబడును. ముందు చెప్పకుండా తణిఖీకి వస్తారు. ఆ సమయానికి తుల్యవస్త్రం ఇంట్లో లేకపోతే ప్రభుత్వ వస్త్రాన్ని దారిమళ్ళించినట్టు.

మావారు సదాశివరావుగారు నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటు. పొట్లం విప్పి, "నాకు సరిపోయేట్టుందే" అన్నారు. మంజూరు నా పేరున అని కాగితం చూపించాను. రెండుసార్లు చదివి, "రూలు ప్రకారం కరెక్టే" అని కాఫీ తాగడానికి వెళ్ళిపోయారు.

నాకు బట్ట గురించి కొంత తెలుసు, అమ్మ పుణ్యాన. అది మంచి కుట్టుపని. కాలరు నిలబడింది, చంకల దగ్గర పట్టదు. చొక్కా రెండో గుండీ మాత్రం తెల్లదారంతో కుట్టి ఉంది, మిగతావన్నీ బూడిదరంగువి. ఎవరో ఇల్లాలు ఆఫీసు వేళకు తొందరలో కుట్టింది. మొదటిసారి తొడుక్కున్న రోజున సుగుణాకర్ తణిఖీకి వచ్చి నేను పెసరట్లు వేస్తుండగా ఫొటో తీసుకున్నాడు. ఆ పూటే ఒక సంగతి గమనించాను. ఒక జేబులో కళ్ళజోడు, ఒకదాంట్లో ఫోను, ఒకదాంట్లో తాళాలు, ఒకదాంట్లో సామాన్ల చీటీ. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో నేను వెతుక్కుంటున్న నాలుగూ ఒంటి మీదే ఉన్నాయి. ఇది కేంద్రం గొప్పతనం కాదు గాని, నిజం కాబట్టి రాస్తున్నాను.

ఏప్రిల్ నాటికి ఊరు మారిపోయింది. శివాలయం పూజారిగారికి పట్టుపంచె బదులు రెయిన్‌కోటు వచ్చింది. అర్చన వేళ గరగరలాడుతూ గంట వినిపించకుండా చేసేది. హెడ్ కానిస్టేబులుకు ఆరు చిన్నపిల్లల గౌనులు తూగాయి. ఆయన వాటిని ఎలా ధరించాడని సుగుణాకర్ రాసుకున్నాడో తెలియదు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడడం మానేసి కొంగులు చూడసాగారు. పలకరింపులు కూడా మారాయి. "మీది చేరిందా?" "ఇంకా లేదండీ, చేరవలసి ఉంది." పోయిందని ఎవరూ అనేవారు కాదు. అంటే కేంద్రం వాళ్ళు వివరణ అడుగుతారు.

ఏప్రిల్ ఇరవైన రైతు బజారులో ములక్కాడలు బేరం చేస్తుంటే నా ముందున్నావిడ వంగింది. వంకాయరంగు, ఆకుపచ్చ అంచు. కుచ్చిళ్ళు కాస్త తిరగబడి కింద ఫాల్ కనిపించింది. నీలం దారం.

నేను ఆవిడ భుజం తట్టి, ఈ చీర ఎక్కడిదని అడిగాను.

ఆవిడ ఒక్కక్షణం నా మొహం చూసింది. "మీదాండీ? నాకూ అనుమానంగానే ఉంది. ఇంత మంచి చీర గవర్నమెంటు వాళ్ళు ఇస్తారా అని" అంది.

ఆవిడ పేరు ఎస్తేరు రాణి. మునిసిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళ నాన్నగారు చర్చిలో హార్మోనియం వాయించేవారట. ఆయన పోయాక ఆయన కోటును ఏడాదికోసారి శుభ్రం చేయించి బీరువాలో పెట్టుకునేది. అది చేరవలసి ఉంది. దాని బరువుకి ఆవిడకు నా చీర వచ్చింది. చీర అక్కడికక్కడే ఇచ్చేయాలని ఆవిడకు ఎంతో ఉంది. కాని సర్కారు ఉద్యోగం. తణిఖీకి వచ్చినప్పుడు చీర లేకపోతే సర్వీసు పుస్తకంలో ఎర్రసిరా పడుతుంది. ఇద్దరం ములక్కాడలు కొనుక్కుని, ఎల్లుండి కేంద్రానికి కలిసి వెళ్దామని అనుకున్నాం.

బోర్డు మీద 112వ రోజు. పరాంకుశంగారు అదే స్వెట్టరులో ఉన్నారు. ఇప్పుడు బల్ల మీద ఒక తువాలు కూడా ఉంది, మొహం తుడుచుకోవడానికి. మేము చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి, మమ్మల్ని కూర్చోబెట్టి వివరించారు.

"ఈ చీర మీదేనని నమోదు చేశామనుకోండి. అనగా మీది మీకు అందలేదు. అందలేదంటే పోయింది. ఒకటి. ఈమె దగ్గర నుంచి తీసుకుంటే ఈమెకు మంజూరైన వస్త్రం పోయింది. రెండు. నూట పన్నెండు రోజుల పట్టణ కృషి అమ్మా."

ఎస్తేరు రాణి లెక్కల టీచరు కదా, ఊరుకోలేదు. "నా దగ్గర్నుంచి తీసి అక్కకిస్తే మొత్తం మారదండీ. ఒకటి తీసేసి ఒకటి కలిపితే సున్నే కదండీ" అంది.

"అది గణితం. ఇది పరిపాలన" అన్నారాయన. ఆవిడ స్థానంలో నేనుంటే అలిగేదాన్ని. ఆవిడ నోట్సు రాసుకుంది.

మేము లేచాక ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. తాను సలహా ఇవ్వడం లేదని, సాధారణ జ్ఞానం కోసం చెబుతున్నానని అన్నారు. మా ఇద్దరి తుల్యవస్త్రాలూ గనక మళ్ళీ ఏ డ్రై క్లీనింగు షాపులోనో చేరవలసి ఉన్న స్థితికి వస్తే, అవి గోడౌనుకు తిరిగి వస్తాయి. బరువు ఒకటే కాబట్టి ఎవరికి ఏది వస్తుందో దైవాధీనం. అంటే, నా చీర నాకు రావాలంటే దాన్ని ఇంకోసారి పోగొట్టుకోవాలి.

నంబర్లు మళ్ళీ మొదలయ్యేది ఒకటో తారీఖున కాబట్టి మే ఒకటిన గోవర్ధన్ దగ్గరికి వెళ్ళాం. చీరా, సఫారీ కౌంటరు మీద పెట్టి, వీటిని దయచేసి పోగొట్టమని అడిగాను.

గోవర్ధన్ మొహం ఎర్రబడింది. "అమ్మగారూ, పద్దెనిమిదేళ్ళుగా షాపు నడుపుతున్నాను. కావాలని ఒక్క గుడ్డ పోగొట్టలేదు. నాకూ ఒక పేరుంది" అన్నాడు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. సరే, నీ పద్ధతిలో నువ్వు చెయ్యి అని వచ్చేశాం. అతని పద్ధతి మీద మాకు నమ్మకముంది.

నాలుగో తారీఖున గోవర్ధన్ స్వయంగా మా ఇంటికి వచ్చాడు. సఫారీని, చీరను విడివిడిగా అట్టపెట్టెల్లో మడతపెట్టి తెచ్చాడు. నెల పేరుతో సహా చీటీ రాశాడు. రాత్రిళ్ళు షాపులోనే పడుకుని కాపలా కాశాడట. చేతులు కట్టుకుని నిలబడి, "ఇప్పుడు నమ్ముతారా అమ్మా" అన్నాడు. నమ్ముతానని చెప్పాల్సి వచ్చింది. చీర మళ్ళీ ఎస్తేరు రాణికి చేర్చాను.

మళ్ళీ ఒకటో తారీఖు అంటే జూను. అమ్మ ఎనభై మే ఇరవైన. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ ఒక్కరోజుకి చీర కట్టుకుని ఇచ్చేయమంది ఎస్తేరు రాణి. ఆ రోజే తణిఖీ వస్తే తన ఉద్యోగానికే ఇబ్బంది అని తెలిసీ అంది. నా చీరను నేను ఎరువు తెచ్చుకుని, మర్నాడు అమ్మ చూస్తుండగా ఎవరికో అప్పజెప్పడం నాకు మింగుడుపడలేదు. అయినా సరేనన్నాను.

పందొమ్మిది సాయంత్రం అమ్మ మా ఇంట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎస్తేరు రాణి చీర సంచితో వచ్చింది. నేను సంచి అందుకుని లోపలికి వెళ్ళబోతుంటే అమ్మ, "ఏమిటే అది, ఇలా తే" అంది. చూపు తగ్గాక వినికిడి పెరిగినట్టుంది, పట్టు చప్పుడు పోల్చుకుంది.

చీర ఒళ్ళో పెట్టుకుని అంచు పట్టుకుని వేళ్ళు ఫాల్ వెంట నడిపింది. జానెడు పోయాక ఆగింది.

"ఇది నా కుట్టే. ఈ అమ్మాయి సంచిలో ఎందుకుంది?"

చెప్పక తప్పలేదు. గోవర్ధన్ నంబర్ల నుంచి స్వెట్టరు దాకా అంతా చెప్పాను. ఎక్కడ పోల్చుకున్నానో కూడా చెప్పాల్సి వచ్చింది, నీలం దారంతో సహా. అమ్మ ఏడుస్తుందని భయపడ్డాను. ఆవిడ, కొలతలు తీసుకునేటప్పటి గొంతుతో ప్రశ్నలు వేసింది.

"వాళ్ళు చీర రంగు రాసుకున్నారా?"

"లేదు."

"పొడుగు?"

"లేదమ్మా. నంబరు, బరువు. అంతే."

"నంబరెక్కడుంది?"

"పసుపుగుడ్డ మీదండీ. కొంగు లోపల కుట్టారు" అంది ఎస్తేరు రాణి.

"కుట్టింది విప్పడానికి ఎంతసేపమ్మాయ్? భ్రమరా, బ్లేడు పట్రా" అంది అమ్మ.

తర్వాత గంటలో మేము ముగ్గురం చేసిన పని నేరమో కాదో సదాశివరావుగారిని అడిగితే, తాను పక్కగదిలో ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పారు. పాత దుప్పటి ఒకటి తీశాను. పెద్ద పెద్ద పొద్దుతిరుగుడు పువ్వులున్నది. వంటింటి త్రాసులో ఆరువందల యాభై అయిదు తూగింది. అమ్మ ఒక పక్క అంచు మడిచి, ఇక్కడికి కత్తిరించమని గోటితో గీత పెట్టింది. కత్తిరిస్తే ఆరువందల నలభై. నలభై ఏళ్ళ చెయ్యి. పసుపుగుడ్డను దుప్పటికి పెట్టి, నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తే, అమ్మే కుట్టింది.

"దారం ఏ రంగు ఇచ్చావ్?" అంది మధ్యలో.

"పసుపే."

"నిజం చెప్పు. ఒకసారి దాచావుగా" అంది. ఇంకో నాలుగు కుట్లు వేశాక తనలో తను అనుకున్నట్టు, "నీలం పెట్టబట్టే దొరికింది" అంది.

మర్నాడు నేను నా చీర కట్టుకున్నాను. అమ్మ భోజనం చేస్తున్నంతసేపూ ఎడమచేత్తో నా కొంగు పట్టుకుని ఉంది.

ఇరవై నాలుగున సుగుణాకర్ ఎస్తేరు రాణి ఇంటికి తణిఖీకి వెళ్ళాడు. ఆవిడ దుప్పటి చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతను పసుపుగుడ్డ నంబరు చూసి, తర్వాత దుప్పటిని తూచి, "ధరించుచున్నారు" అని రాసుకున్నాడు. వెళ్ళేముందు, "చీర బాగుంది టీచర్" అని కూడా అన్నాడట. ఆవిడ నాన్నగారి కోటు మాత్రం ఇంకా దొరకలేదు. ప్రతి ఆదివారం చర్చిలో మగవాళ్ళ భుజాలు చూస్తూ కూర్చుంటోంది.

నేను కూడా ఇంకో దుప్పటికి పసుపుగుడ్డ మార్చి హాయిగా ఉండొచ్చు. కాని సఫారీ ఎవరిదో. నా చీర నాకు దొరికింది అది బజారులో తిరగబట్టే కదా. అందుకని సఫారీ తొడుక్కున్న రోజున ఊరంతా తిరుగుతున్నాను. రైతు బజారు, పోస్టాఫీసు, బ్యాంకు. ఆసామి ఎవరైనా ఆ రెండో గుండీ చూసి పోల్చుకుంటాడని.

జూన్ పదిహేనున అలాగే తిరిగి తిరిగి, రిజిస్టర్లో సంతకానికి కేంద్రానికి వెళ్ళాను. 166వ రోజు. సుగుణాకర్ సెలవు. రిజిస్టరు సంచాలకుల గదిలో ఉందంటే లోపలికి వెళ్ళాను.

పరాంకుశంగారు స్వెట్టరులో చెమటలు కక్కుతూ ఫైలు చూస్తున్నారు. తలెత్తారు. నన్ను చూడలేదు, నా చొక్కాను చూశారు. పై గుండీ చూసి, రెండో గుండీ దగ్గర ఆగిపోయారు. బల్ల మీద చెయ్యి దానంతటదే కాస్త ముందుకు వచ్చింది.

"ఆ తెల్లదారం" అన్నారు మెల్లగా. "మా ఆవిడ కుట్టింది. పాలకొల్లు బదిలీ అయిన రోజు పొద్దున్న, రైలుకు వేళవుతోందని."

అప్పుడు నాకు స్వెట్టరు అర్థమైంది. ఆయన సఫారీకి వచ్చిన తుల్యవస్త్రం అది. ఆరువందల పాతిక గ్రాములు. దానికీ ఏదో జేబురుమాలు కలిపి ఉంటారు.

నాకు జాలి కలగలేదని చెప్పను. నేను ఇంటికి వెళ్ళి చీర కట్టుకుని పావుగంటలో సఫారీ తెచ్చి ఇస్తానని, ఒక్క కాగితం మాత్రం రాసివ్వమని అడిగాను. నా సఫారీ సూటు పోయినది, దొరికినది అని. ఒక్క వాక్యం. రాస్తే ఆయనతోపాటు ఎస్తేరు రాణి కోటుకు, ఊళ్ళో అందరి బట్టలకూ గోడౌను తలుపు తెరుచుకుంటుంది.

ఆయన కలం తీశారు. కాగితం ముందుకు లాక్కున్నారు. "నా" అని రాశారు. కిటికీలోంచి బోర్డు వెనకభాగం కనిపిస్తుంది. అటు చూశారు. చాలాసేపు చూశారు. తువాలుతో మెడ తుడుచుకుని, స్వెట్టరు పై గుండీ పెట్టుకున్నారు.

"మాదేమీ పోలేదమ్మా" అన్నారు.

సరేనన్నాను. సఫారీ పై జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, రెండో జేబులోంచి పెన్ను తీసి, ధరించినట్టు సంతకం పెట్టి వచ్చేశాను. మళ్ళీ ముప్ఫైలోపు ఒకసారి తొడుక్కోవాలి. ఈసారి కూడా ఆయన గది మీదుగానే వెళ్తాను.